పదకొండో గొంతు

కన్నకూతురు తల్లి చేత సంతకం పెట్టించుకుంది. "ఈ రికార్డింగుల్లో విన్న మాట ఏదీ ఎవరికీ చెప్పను" అని రాసి ఉన్న కాగితం మీద. తల్లి ముందు నవ్వింది, తర్వాత భయపడింది. సంతకం అంటేనే ఆమెకు గుండెదడ. పోస్టు అందుకుంటూ సంతకం పెట్టినా సరే, ఆ పూటంతా ఏ గొయ్యిలో కాలు పెట్టానో అని ఆలోచించే మనిషి.

"చెబితే ఏమవుతుందే? జైలా?"

"జైలూ లేదు గీలూ లేదు. చెప్పకూడదు, అంతే. వాళ్ళకి మాటిచ్చాం కదమ్మా."

"మీ నాన్నకి కూడానా?"

"నాన్నకి ముఖ్యంగా."

కూతురు చేస్తున్నది పరిశోధన. మంచాన పడ్డ ముసలివాళ్ళని ఇళ్ళల్లో ఉండి చూసుకునే ఆయాల మీద. ఒక్కొక్కళ్ళతో గంటా రెండు గంటలు కూర్చుని, వాళ్ళ పనీ బతుకూ వాళ్ళ నోటితోనే చెప్పించి రికార్డు చేసుకుంటుంది. పేర్లు ఉండవు. ఒకటో నంబరు, రెండో నంబరు, అలా ఇరవై వరకు. ఆ రికార్డింగుల్ని కాగితం మీద పెట్టడం తల్లి పని. మొదట కంప్యూటరు చేత రాయించి చూశారు. అది సగం మాటలు మింగేసి, మిగతా సగాన్ని వార్తలు చదివేవాళ్ళ భాషలోకి మార్చి పెట్టింది. తల్లి చదివింది పదో తరగతే గాని, దర్జీ కొట్టులో పద్దెనిమిదేళ్ళు కొలతలు రాసిన చెయ్యి. చెయ్యి పొడుగు పదిహేడున్నర అని చెబితే పదిహేడున్నరే రాయాలి. మన దయకొద్దీ పద్దెనిమిది వేస్తే బట్ట పాడవుతుంది. మాటలకీ అదే లెక్క అనుకుంది ఆమె. దగ్గితే దగ్గు అని, నవ్వితే నవ్వు అని, ఆగిపోతే ఎంతసేపు ఆగారో అంతసేపు రాసేది. భోజనాల బల్ల మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మూడు పుస్తకాలు నింపింది. ఇప్పుడు రాస్తున్నది నాలుగోది.

ఆ బుధవారం పొద్దున ఇల్లు ఊడ్చి, భర్త స్కూలు బస్సు తోలడానికి వెళ్ళాక, కూతురు యూనివర్సిటీకి వెళ్ళాక, పదకొండో నంబరు మొదలుపెట్టింది. అంతకుముందు శుక్రవారం సాయంత్రం చేసిన రికార్డింగు అది. భర్త బస్సు నడిపే బడిలోనే, పిల్లలు వెళ్ళిపోయాక, ఓ ఖాళీ తరగతి గది అడిగి తీసుకున్నారు.

పదకొండో ఆమె గొంతు తల్లికి మొదటి మాట నుంచే నచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. తొందర లేదు, ఏడుపు లేదు. "మనిషిని లేపేటప్పుడు చేతులతో లేపకూడదు మేడమ్. ముందు మాటతో లేపాలి. లేద్దామా అని అడగాలి. అడక్కుండా లేపితే వాళ్ళ ఒళ్ళు రెండింతల బరువెక్కుద్ది" అంది. తల్లి ఆ మాట రాసి, కింద గీత కూడా గీసింది. గీతలు గియ్యొద్దని కూతురు చెప్పింది గాని, ఇది గియ్యదగ్గ మాట.

నలభై నిమిషాలు దాటాక రికార్డింగులో ఫోను మోగింది.

"మా అమ్మ," అంది కూతురి గొంతు. "ఎత్తకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళిపోతుంది. ఒక్క నిమిషం అండీ." తలుపు కిర్రుమంది. చెప్పుల చప్పుడు దూరమైంది.

తల్లికి చెవులు వేడెక్కాయి. నేనేనా! శుక్రవారం మబ్బు పట్టింది. గొడుగు తీసుకెళ్ళావా, ఏమన్నా తిన్నావా, గొంతేంటి అలా ఉంది, జలుబా, మొన్న ఎవరో తడిసి న్యుమోనియాతో పోయారట, ఆటోలో వస్తావా బస్సులో వస్తావా, ఆటో అయితే నంబరు పంపు. ఒక్క నిమిషంతో అయిపోలేదు. అదంతా చెప్పడానికి ఆరు నిమిషాలు పట్టింది.

కూతురు రికార్డర్ ఆపలేదు. బల్ల మీద అలాగే ఉంది. ఖాళీ గదిలో బెంచీ జరిగిన చప్పుడు. ఇంకో ఆడగొంతు, కొత్తది. బయట తన వంతు కోసం కూర్చున్న మరో ఆయా లోపలికి వచ్చింది కాబోలు.

"ఏంటక్కా, కళ్ళు గుంటలు పడ్డాయి?"

"పగటిమనిషి రావట్లేదే. నాలుగు రోజులైంది. పగలూ నేనే, రాత్రీ నేనే. ఇప్పుడు కూడా కాసేపు అడిగి వచ్చా."

"మరి నిద్ర?"

నవ్వు. "నాకెక్కడిది? ఆమెకే పట్టిస్తున్నా. డాక్టరు అర మాత్ర రాశాడు. అరకి ఆమె రెప్ప కూడా వాలదు. ఒకటి వేస్తే రెండింటికి లేచి అరుస్తోంది. ఒకటిన్నర వేస్తే పొద్దెక్కేదాకా గప్‌చుప్."

"అమ్మో. ఏమన్నా అయితే?"

"నిన్న పన్నెండైనా లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా. నా పైప్రాణాలు పైనే పోయాయనుకో. తడిగుడ్డతో మొహమంతా తుడిస్తే అప్పుడు కళ్ళు తెరిచింది."

"ష్. మేడమ్ వస్తోంది."

తలుపు. "సారీ అండీ, గొడుగు గురించి," అంది కూతురు. ముగ్గురూ నవ్వారు. తర్వాత మాటలు మళ్ళీ మామూలే: పక్కదుప్పట్లు, డైపర్లు, డ్యూటీ గంటలు.

తల్లి చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ "ఒకటిన్నర వేస్తే" దాకా రాసేసి ఆగిపోయింది. వెనక్కి తిప్పి విన్నది. మళ్ళీ విన్నది. మూడోసారి వింటే తక్కువ భయంగా ఉంటుందేమోనని మూడోసారి కూడా విన్నది. లేదు.

ఆమె లెక్కపెట్టింది. శుక్రవారం, శని, ఆది, సోమ, మంగళ. ఐదు రాత్రులు. ఐదు రాత్రులు ఎవరో పెద్దావిడ నోట్లో ఒకటిన్నర మాత్ర. ఈపాటికి రెండైందో ఏమో! ఈ పొద్దున తడిగుడ్డకి కూడా కళ్ళు తెరవలేదో ఏమో! లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పక్కింటి మేడ మీద ఎవరో బట్టలు దులుపుతున్నారు, లోకంలో ఏమీ జరగనట్టు. తిరిగొచ్చి కూర్చుంది. కూతురికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. క్లాసులో ఉంటే ఎత్తదు. ఇంకో మూడుసార్లు చేసింది. "క్లాస్ అమ్మా. బతికే ఉన్నా" అని మెసేజు వచ్చింది. బతికే ఉన్నా అన్న మాటకి ఒళ్ళు జలదరించింది.

అప్పుడు ఓ ఆలోచన వచ్చింది, పాడు ఆలోచన. రాసినవి నాలుగు గీతలతో కొట్టేసి, "ఫోను వచ్చింది. ఆరు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు" అని రాస్తే? కూతురు ప్రతి రికార్డింగూ తిరిగి వినదు. అంత టైము లేకే కదా తల్లికిచ్చింది. ఆ ఆయా పని పోదు. కూతురు చదువు ఆగదు. రాసింది కూడా: "ఆరు నిమిషాలు ఎవరూ". అక్కడ కలం ఆగింది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క కొలతా అబద్ధం రాయలేదు. ఆ మూడు మాటలూ కాగితం చిరిగేంతగా కొట్టేసింది.

ఒంటిగంటకి భర్త బస్సు పెట్టేసి తినడానికి వచ్చాడు. రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"ఉప్పు రెండుసార్లు వేశావు."

"ఏమో."

"ఏంటలా ఉన్నావు?"

"ఏం లేదు." ఆమె నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగేసింది. సంతకం పెట్టింది కదా. పేర్లు చెప్పకుండా అడిగితే తప్పులేదనుకుని, "మనిషికి నిద్రమాత్రలు ఎన్ని వేస్తే పోతారంటావు?" అంది.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏ మనిషికి?"

"ఊరికే. ఒక మనిషికి."

"ఇంట్లో ఉన్న మగమనిషిని నేనొక్కణ్ణే." కంచం కేసి అనుమానంగా చూశాడు. "మందు చేదు తెలీకుండానా ఈ ఉప్పు?"

ఇంకో రోజైతే ఆమె నవ్వేది.

కూతురు నాలుగున్నరకి వచ్చింది. తల్లి మెట్ల మీదే ఎదురైంది. చేతిలో పుస్తకం, మెళ్ళో ఇయర్‌ఫోన్ల తీగ.

"ఏంటమ్మా? ఎవరికేమైంది?"

"నువ్వు ముందు విను. చెప్పులు తర్వాత విప్పు."

కూతురు చెప్పులతోనే బల్ల దగ్గర కూర్చుని విన్నది. మొహంలో రంగు ఒక్కో వాక్యానికీ ఒక్కో మెట్టు దిగింది. అయిపోయాక ఇయర్‌ఫోన్లు తీసి, "ఆపలేదు నేను. ఆపడం మర్చిపోయాను," అంది. తల్లి తిట్టాలనుకున్నది తిట్టలేకపోయింది. ఏమని తిడుతుంది? ఫోన్ చేసింది ఎవరు?

"ఆ ఇంటివాళ్ళకి ఫోన్ చెయ్యి ముందు."

"ఆ ఇల్లెక్కడో నాకు తెలీదు. అడక్కూడదు కూడా. ఆమె ఫోన్ నంబరు ఒక్కటే ఉంది."

"ఆయాల్ని పంపించే ఏజెన్సీ ఉంది కదా, వాళ్ళకి చెప్పు."

"చెబితే గంటలో ఆమెని పీకేస్తారు. ఇంకే ఏజెన్సీ తీసుకోదు. అమ్మా, ఇది ఆమె నాకు చెప్పిన మాట కాదు. నేను గదిలో లేనప్పుడు పక్కమనిషికి చెప్పుకున్నది. మనం దొంగిలించినట్టే."

"దొంగిలిస్తే మాత్రం? విన్నాక విననట్టు ఎలా ఉండటం? ఐదు రాత్రులయ్యాయే! లెక్కపెట్టావా?"

"లెక్కపెడుతూనే ఉన్నా!" కూతురు అరిచింది. వెంటనే గొంతు తగ్గించింది. "ఎవరి ప్రాణానికైనా ముప్పుందని తెలిస్తే దాచలేను అని వాళ్ళు సంతకం పెట్టిన కాగితంలో ఉంది. చదివి వినిపించాను కూడా. ఆమె సరే సరే అంది. కానీ అది ఎదురుగా చెప్పేదానికమ్మా. ఇలా చాటుగా విన్నదానికి కాదు. పైగా రేపు తక్కిన ఆయాలకి తెలిస్తే? మేడమ్ ఫోన్ వచ్చిందని బయటికెళ్ళి, మన మాటలు పట్టించి, పని ఊడగొట్టించింది అంటారు. అనరా?"

తల్లికి రెండు వైపులా గోతులే కనబడ్డాయి. చెప్పకపోతే పెద్దావిడ పోతుంది, పోలీసులు రికార్డింగు పట్టుకుని ఇంటికొస్తారు, కూతురికి బేడీలు. చెబితే ఆయా రోడ్డున పడుతుంది, ఏ బావిలోనో దూకుతుంది, ఆ ఉసురు కూతురికి తగులుతుంది. మూడో దారి ఏదైనా ఉంటే దాంట్లోనూ ఏదో ఒక లారీ ఎదురొస్తుంది.

కూతురు గైడు మేడమ్‌కి ఫోన్ చేసింది. లోపలి గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, పావుగంట. తల్లి తలుపు ఇవతల తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"ఏమంది?"

"యూనివర్సిటీలో ఇలాంటివి చూసే కమిటీకి రాయమంది. కమిటీ వచ్చే నెల పన్నెండున కూర్చుంటుందట."

"వచ్చే నెలా! అప్పటిదాకా ఆ మాత్రలకి సెలవా?"

"అప్పటిదాకా ఆగొద్దంది. ఆమెకి తెలియకుండా బయట ఎవరికీ చెప్పొద్దంది. ఆలస్యం మాత్రం చెయ్యొద్దంది."

"మూడూ ఒక్కసారే ఎలా చెయ్యాలో చెప్పిందా?"

"అది నువ్వే ఆలోచించుకో అంది."

"బాగుంది. అందుకేనా అంత పెద్ద చదువు."

కూతురు లేచి ఫోన్ తీసింది. "ముందు ఆమెతోనే మాట్లాడతాను. ఇవాళే, ఇప్పుడే. ఏం విన్నామో, ఎలా విన్నామో ఉన్నదున్నట్టు చెబుతాను."

పదకొండో ఆమె ఎత్తింది. గొంతులో నిద్ర. ఆ ఇంటి కోడలు ఆఫీసు నుంచి ఆరున్నరకి వస్తుందనీ, అప్పుడు తను మందుల కోసం గంటసేపు బయటికి వస్తాననీ చెప్పి, ఓ బస్టాపు పేరు చెప్పింది. తల్లి ఆ నాలుగు మాటల్లోంచి ఒక్క సంగతి ఏరుకుంది: మందుల కోసం అంటే, పెద్దావిడ ఇంకా ఉంది.

"నేనూ వస్తా," అంది.

"వద్దమ్మా. పద్ధతి కాదు."

"నువ్వు ఆమె మాట విన్నావా ఆరోజు? లేదు. విన్నది నేను. అడిగితే సాక్ష్యం ఎవరు?"

దానికి ఏ కాగితంలోనూ జవాబు లేదనుకుంటా, కూతురు ఇంటి తాళం తీసుకుంది.

బస్టాపు దగ్గర ఆఫీసులు వదిలిన రద్దీ. పదకొండో ఆమె మందుల కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. తల్లి ఊహించినదానికంటే సన్నగా, పొట్టిగా ఉంది. అంత నిబ్బరమైన గొంతు ఈ చిన్న ఒంట్లోంచి వచ్చిందా అనిపించింది. కూతుర్ని చూసి నవ్వి లేచింది.

కూతురు నవ్వలేదు. చుట్టూ తిప్పకుండా చెప్పేసింది. ఆ రోజు మిషను ఆపలేదని, వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అందులో పడిందని, రాసిపెట్టే మనిషి విన్నదని, ఆ తర్వాత తనూ విన్నానని. "తప్పు నాది," అంది.

ఆమె మొహం మీది నవ్వు ఎవరో తుడిచేసినట్టు పోయింది.

"అంటే మీరు బయటికెళ్ళి మమ్మల్ని చాటుగా విన్నారా?"

"కావాలని కాదు."

"కావాలనో కాదో నాకేం తెలుసు? రహస్యం, రహస్యం అని పదిసార్లు చెప్పి కూర్చోబెట్టారు. ఇంటివాళ్ళని నమ్మలేదు, ఏజెన్సీని నమ్మలేదు. మిమ్మల్ని నమ్మాను. ఇప్పుడేం చేస్తారు? వెళ్ళండి. చెప్పండి. పోలీసుల్నే తీసుకొచ్చారా?" అంటూ తల్లి వైపు వేలు చూపించింది. "ఈవిడ ఎవరు?"

తల్లి నోరు తెరిచింది. ఎంతో జాగ్రత్తగా మాట్లాడాలని దారంతా అనుకుంటూ వచ్చింది. "నిన్ను జైల్లో వేస్తారేమోనని భయంగా ఉంది తల్లీ," అని వచ్చింది నోట్లోంచి.

"అమ్మా!" అంది కూతురు.

"ఆ రోజు ఫోను చేసింది నేనే," అంది తల్లి గబగబా. "గొడుగు గురించి, ఆరు నిమిషాలు. నేను చెయ్యకపోతే ఇది బయటికెళ్ళేదీ కాదు, మిషను ఆ మాటలు పట్టేదీ కాదు. రాసే మనిషినీ నేనే. మూడుసార్లు విన్నా. కూరలో ఉప్పు రెండుసార్లు వేశా."

పదకొండో ఆమె అలాగే చూసింది. పెదవి ఒక పక్కకి వంగింది. "గొడుగు తీసుకెళ్ళిందా ఇంతకీ?"

"లేదు. తడిసే వచ్చింది."

"ఆరు నిమిషాలు మాట్లాడి ఏం లాభం అక్కా?" అని మళ్ళీ మెట్టు మీద కూలబడింది. కోపం ఉంది గాని, ఆ కోపాన్ని నిలబెట్టే ఓపిక ఒంట్లో లేదు. "తొమ్మిది రోజులైంది నేను నడుం వాల్చి. పగటిమనిషిని పంపమని ఏజెన్సీకి రోజూ చెబుతున్నా. రేపు రేపు అంటారు. పెద్దమ్మగారు లేస్తే ఊరుకోరు, మంచం దిగబోతారు. మొన్న పడితే మోచెయ్యి కమిలింది. కోడలుగారు ఏమన్నారో తెలుసా? అరిస్తే ఇంకోటి వెయ్యి, నాకు పొద్దున్నే ఆఫీసుంది అన్నారు. నోటితో అన్నారు. కాగితం మీద అనలేదుగా! రేపేదన్నా అయితే వేసింది నా చెయ్యి."

పొద్దున్నుంచీ తల్లి కోరింది ఒక్కటే, ఇంటివాళ్ళకి ఫోన్ చెయ్యాలని. చేసి ఉంటే ఆ ఫోన్ ఎత్తేది ఈ కోడలే.

"ఇవాళ ఎలా ఉన్నారు?" అని అడిగింది కూతురు.

"పదకొండింటికి లేచారు. మాట ముద్దముద్దగా వస్తోంది." ఆమె చేతిలో మందుచీటీ నలుపుతోంది. "నాకూ భయంగానే ఉంది మేడమ్. భయం లేదనుకున్నారా?"

కూతురు ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. "ఇది తెలిశాక నేను ఊరుకోలేను. మీకు తెలియకుండా మాత్రం ఏదీ చెయ్యను. డాక్టరుకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా? మీరు చెబితే మీకు మంచిది. మీరు చెప్పకపోతే డాక్టరు పేరు మీ చేతిలో చీటీ మీద ఉంది, నేను వెళ్ళి చెబుతాను. మీ ముందే చెబుతున్నాను ఈ మాట."

అది బెదిరింపో మర్యాదో తల్లికి అర్థం కాలేదు. కూతురికీ తెలియలేదనుకుంటా, ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

పదకొండో ఆమె చీటీ మడిచి లేచింది. ఆ డాక్టరు క్లినిక్కు రెండు వీధుల అవతలే. ఎనిమిదింటి దాకా ఉంటాడు. "నేనే చెబుతా. మీరు రావద్దు మేడమ్, మీరు రాసుకునేవాళ్ళు. అక్క వస్తుంది." తల్లి చెయ్యి పట్టుకుంది. "కోడలుగారి మాట మాత్రం బయట పడకూడదు. పడితే ఆ ఇల్లే కాదు, ఏ ఇల్లూ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. ఒట్టెయ్యి."

తల్లి ఆ చేతిలోనే చెయ్యి వేసింది. వేశాక గానీ ఎంత బరువైన పని చేసిందో తెలియలేదు.

డాక్టరు అలిసిపోయి ఉన్నాడు. ముందు సగం విని, తర్వాత కళ్ళద్దాలు తీసి మొత్తం విన్నాడు. ఎన్నాళ్ళనించి, ఎంత, ఎన్నింటికి, ఇంకేం మందులు వేస్తున్నావు అని అడిగాడు. పదకొండో ఆమె తడుముకోకుండా చెప్పింది. ఒక్క రాత్రి కూడా తగ్గించి చెప్పలేదు.

"చదువుకున్న డాక్టరుని నేను అర రాస్తే, నువ్వు ఒకటిన్నర వేస్తావా? ఎవరు వెయ్యమన్నారు నిన్ను?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పదకొండో ఆమె తల్లి వైపు చూడలేదు. చూడకుండానే చూసింది.

"ఎవరూ లేరు సార్. నేనే."

తల్లికి అన్యాయం అని అరవాలనిపించింది. చీర కొంగు నోటి దగ్గర పెట్టుకుని గోడమీది క్యాలెండరు చూసింది. ఆదివారాలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"మీరెవరు?" అన్నాడు డాక్టరు.

"తోడు వచ్చాను."

ఆయన చాలాసేపు తిట్టాడు. తిట్టి, ఈ రాత్రికి అసలు మాత్రే వద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టు, గంటకోసారి పిలిచి చూడు, పలక్కపోతే ఎన్నింటికైనా నాకు ఫోన్ చెయ్యి, అన్నాడు. తర్వాత తనే ఆ ఇంటికి ఫోన్ చేసి కొడుకుతో మాట్లాడాడు. మందు ఎక్కువ పడిందని, మీ అమ్మగార్ని రేపు పదింటికి తీసుకురమ్మని, ఒక్క మనిషిని తొమ్మిది రోజులు నిద్ర లేకుండా ఉంచితే ఎవరికైనా లెక్క తప్పుతుందని, రేపటికి పగటిమనిషి లేకపోతే ఏజెన్సీ మీద తనే ఫిర్యాదు రాస్తానని. పదకొండో ఆమె తలవంచుకుని విన్నది. ఉద్యోగం ఉందో పోయిందో ఆ ఫోనులో తేలలేదు.

బయటికి వచ్చాక కూతురు ఎదురొచ్చింది. పదకొండో ఆమె ఆమెని ఒక్క మాటే అడిగింది.

"నా మాటలు నాకిచ్చెయ్యండి."

"అంటే?"

"వద్దనిపిస్తే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్నారుగా. ఆ ఆరు నిమిషాలే కాదు. మొత్తం. నా నంబరు కూడా."

కూతురు కళ్ళు మూసి తెరిచింది. ఇరవై మందిలో ఆమె మాటల మీదే రెండు అధ్యాయాలు అల్లుకుందని తల్లికి తెలుసు. "ఇస్తాను," అంది. అక్కడే, వీధి దీపం కింద, ఫోన్ తీసి నంబరు చెరిపేసి చూపించింది. రికార్డింగు ఇంటికెళ్ళి చెరిపేస్తాననీ, కమిటీకి రాసే కాగితంలో పేరూ ఇల్లూ ఏవీ ఉండవనీ చెప్పింది. పదకొండో ఆమె తల ఊపి, ఎనిమిది కాకముందే వెళ్ళాలని, వెనక్కి చూడకుండా నడిచింది.

ఇంటికొచ్చాక కూతురు రికార్డింగు చెరిపేసింది. తల్లి పుస్తకంలో ముప్ఫై నాలుగు పేజీలు చింపింది. కుట్టు దగ్గర జాగ్రత్తగా, మిగతావాళ్ళ మాటలు ఊడిరాకుండా. చింపిన వాటిని చిన్న ముక్కలు చేస్తుంటే కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, మనిషిని లేపడం గురించి ఒక మాట అంది చూడు. చేతులతో కాదు అని..."

"ఏమో," అంది తల్లి. "నాకేం గుర్తులేదు."

కూతురు ఆమె మొహంలోకి చూసి, ఇంకేం అడక్కుండా, తనూ కొన్ని కాగితాలు తీసుకుని చింపడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున ఏడున్నరకి తల్లి పాల కోసమని బయల్దేరింది. పాల కొట్టు వీధి చివరే. ఆమె మాత్రం బస్సెక్కి, నిన్నటి బస్టాపుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల దిగి నిలబడింది. మాట్లాడటానికి కాదు. మాటలన్నీ తిరిగిచ్చేశారు కదా. ఊరికే చూద్దామని. పగటిమనిషి వస్తే రాత్రిమనిషి ఎనిమిదికి డ్యూటీ దిగుతుంది. రాత్రిమనిషి దిగకపోతే? దిగకపోతే పగటిమనిషి రాలేదన్నమాట. లేకపోతే అంబులెన్స్ వచ్చిందన్నమాట. లేకపోతే పోలీసులు. ఎనిమిదైంది. ఎనిమిదీ పది. తల్లి చేతిలో పాల సంచీ చెమటకి తడిసిపోయింది, పాలు లేకుండానే.

ఎనిమిదీ పావుకి వీధి మలుపులో కనబడింది. అదే సన్నటి మనిషి, చంకలో గుడ్డసంచి, నడుస్తూ నిద్రపోతున్నట్టుంది. బస్టాపులో నిలబడి ఆవులించి, ఆవలింత మధ్యలో రోడ్డుకి ఇవతల తల్లిని చూసింది.

తల్లి చెయ్యెత్తలేదు. ఎత్తవచ్చో లేదో తెలియలేదు.

మధ్యలో రెండు బస్సులు అడ్డం వెళ్ళాయి. అవి తప్పుకున్నాక చూస్తే పదకొండో ఆమె ఇటే చూస్తోంది. ముక్కూ మొహం చిట్లించి, కుడిచెయ్యి నోటి దగ్గర పెట్టి, వేళ్ళు గబగబా తెరిచీ మూసీ, తెరిచీ మూసీ చూపించింది. రాత్రంతా ఒకటే వాగుడు. ఒకటే అరుపులు. తర్వాత రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని తల అటూ ఇటూ ఊపింది. బస్సొచ్చింది, ఎక్కేసింది.

తల్లి రోడ్డు పక్కన ఒక్కతే నవ్వింది. దారిన పోయేవాళ్ళు చూసి పక్కకి తప్పుకున్నారు. పెద్దావిడ అరిచిందట! రాత్రంతా అరిచిందట! గుండెల మీంచి బండ దిగినట్టయింది. తిరుగు బస్సు దిగి పాల కొట్టు దాకా ఆ తేలికతోనే నడిచింది.

కొట్టు దగ్గర లైనులో నిలబడ్డాక గానీ తట్టలేదు. ఆ వయసులో, మాత్ర లేకుండా, రాత్రంతా అలా అరిస్తే, బీపీ పెరగదూ?